స్పీకర్ల క్రాసోవరు, గది ధ్వని సవరణ: సాఫ్ట్‌వేర్ చరిత్ర

మనిషి చెవికి వినబడే 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఒక్క స్పీకరే సమంగా పలకడం కష్టం. అందుకే మంద్రానికి ఊఫరు, తారానికి ట్వీటరు పెడతారు. ఏ పౌనఃపున్యం దేనికి వెళ్ళాలో విడదీసేది క్రాసోవరు. అలా పలికిన ధ్వనిని గది ఎక్కడ పెంచిందో, ఎక్కడ మింగిందో కొలిచి, పాటను ఆ మేరకు ముందుగానే దిద్ది పంపడం గది ఈక్వలైజేషన్. కాయిళ్ళు, కెపాసిటర్లు, నాబ్‌లతో సాగుతూ వచ్చిన ఈ రెండు పనులూ ఇప్పుడు చాలావరకు కంప్యూటరు చేసే లెక్కలే.

1933 ఏప్రిల్ 27న అమెరికాలోని బెల్ లేబొరేటరీస్, ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను టెలిఫోను తీగల మీదుగా వాషింగ్టన్ శ్రోతలకు మూడు చానెళ్ళలో వినిపించింది. అక్కడి స్పీకర్లు 300 హెర్ట్జ్ దగ్గర విడిపోయే రెండు భాగాలవి. స్పీకర్ల ముందుండే కొమ్ముల్లాంటి హారన్ల పొడవుల్లో తేడా ఉంటే మంద్రం, తారం వేరువేరు క్షణాల్లో చెవిని చేరతాయనీ, టాప్ డాన్స్ అడుగు చప్పుడు రెండుగా చీలి వినబడుతుందనీ ఆ దశకంలోనే హాలీవుడ్ ఇంజినీర్లు గుర్తించారు. అప్పట్లో హారన్‌ను మళ్ళీ కట్టుకోవడం తప్ప దారి లేదు. సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒక అంకె మారిస్తే చాలు: సెకనుకు 48,000 నమూనాల లెక్కన ఒక్క నమూనా ఆలస్యం దాదాపు 7 మిల్లీమీటర్ల దూరానికి సమానం.

క్రాసోవరు గణితాన్ని ఒక కొలిక్కి తెచ్చింది 1976లో వెలువడిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ వ్యాసం. ఆయన, సహోద్యోగి రస్ రైలీ హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజినీర్లు. వాళ్ళ పేర్లతోనే పిలిచే ఆ ఫిల్టరులో, విడిపోయే చోట రెండు స్పీకర్లూ 6 డెసిబెల్‌ల చొప్పున తగ్గుతాయి. ఒకే ఫేజ్‌లో, అంటే అలల ఎత్తుపల్లాలు ఒకేసారి వచ్చేలా, కలుస్తాయి కనుక మొత్తం తిరిగి పూర్తి స్థాయికి వస్తుంది. ఎలక్ట్రానిక్ వలయాల కోసం పుట్టిన ఈ పద్ధతి నేటి చాలా సాఫ్ట్‌వేర్లలో మామూలు ఎంపిక అయిపోయింది.

గది విషయం ఇంత సులువుగా తేలలేదు. 1960లలో టెక్సాస్‌కు చెందిన సి.పి. బోనర్ సభామందిరాల్లో మైకు కూతలను సన్నని ఫిల్టర్లతో అణచి చూపాడు. ఆ దశకం చివర్లో ఆల్టెక్ కంపెనీ సప్తకంలో మూడో వంతు వెడల్పున్న ఫిల్టర్ల వరుసను అమ్మకానికి పెట్టింది. అయితే కొలత ఖచ్చితంగా లేనిచోట దిద్దుబాటు ఊహే. 1965లో కూలీ, టూకీ ప్రచురించిన వేగవంతమైన ఫూరియే గణన పద్ధతి ఆ లోటు తీర్చే దారి వేసింది. బ్రిటన్‌లోని కెఫ్ కంపెనీ 1970లలోనే స్పీకర్ల స్పందనను డిజిటల్‌గా నమోదు చేయడం మొదలెట్టింది. బెర్మన్, ఫించమ్ ఆ పద్ధతిని 1977లో ప్రకటించారు. 2000లో ఇటలీలోని పార్మా విశ్వవిద్యాలయానికి చెందిన ఆంజెలో ఫరీనా, కింది నుంచి పైకి జారే స్వరంతో గదిని కొలిచే విధానాన్ని వివరించాడు. స్పీకరు సొంత వక్రీకరణ అసలు స్పందనలో కలవకుండా కాలంలో దానికి ముందే విడిగా తేలడం అందులోని గొప్ప సుగుణం.

కొలిచాక దిద్దాలి. 65,536 గుణకాలున్న ఫిల్టరును సీడీ వేగంతో, అంటే సెకనుకు 44,100 నమూనాలతో నేరుగా లెక్కిస్తే ఒక్కో చానెల్‌కు సెకనుకు 289 కోట్ల గుణకారాలు. నాటి ఇంటి కంప్యూటరుకు అది తలకు మించిన పని. ఫిల్టరును ముక్కలు చేసి ఫూరియే పద్ధతిలో లెక్కించడంతో ఆ భారం దిగింది. విలియం గార్డ్‌నర్ 1995లో ఆలస్యం లేని పద్ధతినీ చూపాడు. కొద్ది ఏళ్ళకే స్వీడన్‌లో ఆండర్స్ టోర్గర్ లైనక్స్ కోసం బ్రూట్‌ఫిర్ రాశాడు. ఇటలీలో డెనిస్ స్బ్రాజియోన్ గది సవరణ ఫిల్టర్లను తయారుచేసే డీఆర్‌సీ రాశాడు. రెండూ ఉచితంగా, మూలకోడ్‌తో సహా అందాయి. ప్రయోగశాలలకే పరిమితమైన విద్య మామూలు శ్రోత బల్ల మీదికి వచ్చింది వీటితోనే.

డీఆర్‌సీలోని అసలు తెలివి దిద్దడంలో కంటే దిద్దకుండా వదలడంలో ఉంది. మంద్రంలో గది మోతను సుదీర్ఘంగా లెక్కలోకి తీసుకుంటుంది. తారానికి వెళ్ళేకొద్దీ ఆ వ్యవధిని కుదించి, చివరికి స్పీకరు నుంచి నేరుగా వచ్చే ధ్వనినే చూస్తుంది. ఎందుకంటే తార పౌనఃపున్యాల్లో తల కొద్దిగా జరిపినా కొలత మారిపోతుంది. గది స్పందనకు పూర్తి విలోమం, అంటే దాన్ని పూర్తిగా రద్దుచేసే ఫిల్టరు, చాలాసార్లు సాధ్యం కాదని నీలీ, ఆలెన్ 1979లోనే చూపారు. మొండిగా ప్రయత్నిస్తే మృదంగం దెబ్బకు ముందే దాని నీడ వినబడుతుంది.

12 అడుగుల పొడవు గదిలో మొదటి అనునాదం సుమారు 47 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు మంద్రాన్ని పెద్దగా పీల్చుకోవు కాబట్టి మన ఇళ్ళలో ఆ మోత చెక్క గోడల ఇళ్ళలో కంటే గట్టిగానే ఉంటుంది. ఆ అనునాద శిఖరాన్ని ఫిల్టరుతో తగ్గిస్తే మోత నిడివి కూడా తగ్గుతుంది. ప్రతిఫలనం ఎదురై ధ్వని చచ్చిపోయిన చోట మాత్రం ఎంత పెంచినా వృథాయే: 10 డెసిబెల్ పెంచాలంటే ఆంప్లిఫయరు పదింతల శక్తి ఇవ్వాలి, దాంతోపాటు ఎదురొచ్చే ప్రతిఫలనమూ అంతే పెరుగుతుంది. కొన్ని వందల హెర్ట్జ్‌లకు పైన గదిని దిద్దడం కన్నా మంచి స్పీకరు ఎంచుకోవడమే సరైనదని కెనడా పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ వాదించాడు. ఆ మాట నిలబడింది.

ఇప్పుడు కొలతకు జాన్ మల్కాహీ రాసిన రూమ్ ఈక్యూ విజార్డ్, దిద్దడానికి విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, అరచేతంత రాస్‌బెర్రీ పై మీద కూడా నడిచే కామిల్లాడీఎస్పీ విరివిగా వాడుకలో ఉన్నాయి. ఇబ్బందులూ ఉన్నాయి. అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా ఆలస్యం చేసే లీనియర్ ఫేజ్ ఫిల్టరు 65,536 గుణకాలదైతే ధ్వనిని ముప్పావు సెకను ఆలస్యం చేస్తుంది. సినిమాలో పెదవి కదలికకూ మాటకూ పొంతన తప్పకుండా చిత్రాన్నీ అంతే ఆపాలి, కచేరీ వేదిక మీద అసలు పనికిరాదు. కంప్యూటరు ఆన్ అవుతున్నప్పుడు వచ్చే ఒక్క దెబ్బకు ట్వీటరు కాలిపోవచ్చు. అందుకే సాఫ్ట్‌వేర్ క్రాసోవరు వాడేవారు కూడా ట్వీటరుకు ముందు ఒక కెపాసిటరు ఉంచుతారు.

1988లో జపాన్ పరిశోధకులు మియోషి, కనేడా ఒక్క స్పీకరుతో కుదరని విలోమం ఒకటికి మించి స్పీకర్లుంటే కుదురుతుందని నిరూపించారు. స్వీడన్‌కు చెందిన డిరాక్ ఇటీవల తెచ్చిన పద్ధతిలో ఒక స్పీకరు లేపిన మంద్రపు మోతను గదిలోని మిగతా స్పీకర్లు ఎదురు ధ్వనితో అణుస్తాయి. అలలు పొడవుగా ఉండే మంద్రంలోనే అది పనిచేస్తుంది.