మరమేకు కానన్న మనిషి: వలెంతిన్ మొరోజ్

1945 జూన్‌లో, యుద్ధవిజయోత్సవ విందులో, స్టాలిన్ సామాన్య ప్రజలను రాజ్యమనే మహాయంత్రంలోని మరమేకులుగా పేర్కొని ప్రశంసించాడు. ఆ ప్రశంసలో దాగిన అవమానాన్ని ఇరవై రెండేళ్ల తరువాత ఒక ఖైదీ విప్పి చూపారు. ఆయన ఉక్రెయిన్ చరిత్రకారుడు వలెంతిన్ మొరోజ్.

1936లో వొలీన్ ప్రాంతపు పల్లెలో జన్మించిన మొరోజ్, ల్వీవ్ విశ్వవిద్యాలయంలో చదివి, ఇవానో-ఫ్రాంకివ్‌స్క్‌లో చరిత్ర బోధించేవారు. సోవియట్ వ్యతిరేక ప్రచారం చేశారన్న అభియోగంపై 1965లో నిర్బంధించి, నాలుగేళ్ల శిక్ష వేసి మొర్దోవియా శిబిరాలకు పంపారు. అక్కడినుంచే 1967లో ‘బేరియా అభయారణ్యం నుంచి నివేదిక’ రహస్యంగా బయటికి వచ్చింది. నిరంకుశత్వానికి అసలు ఆధారం తుపాకీ కాదు, సొంత ఆలోచన మానుకున్న మనిషి అన్నది దాని సారాంశం.

1969లో విడుదలయ్యాక ఆయనకు దక్కిన స్వేచ్ఛ తొమ్మిది నెలలే. ఆ వ్యవధిలోనే కార్పాతియన్ కొండల్లోని కోస్మాచ్ గ్రామం గురించి రాశారు. సినిమా చిత్రీకరణ కోసమని తీసుకుపోయిన అక్కడి చర్చి ప్రతిమల తెరను తిరిగి ఇవ్వలేదు. ఒక ఊరి జ్ఞాపకాన్ని అపహరించడం చరిత్రకారుడి దృష్టిలో చిన్న నేరం కాదు.

1970 నవంబరులో మూసిన తలుపుల వెనుక మళ్లీ విచారణ జరిగింది. రహస్య విచారణలో సాక్ష్యం చెప్పబోమని ఇవాన్ జ్యూబా, వ్యాచెస్లావ్ చోర్నొవిల్ వంటివారు నిరాకరించారు. అయినా జైలు, శిబిరం, ప్రవాసం కలిపి 14 ఏళ్ల శిక్ష పడింది.

వ్లాదిమిర్ జైలు నుంచి తనను శిబిరానికి మార్చాలని కోరుతూ 1974 జులై 1న నిరాహారదీక్షకు పూనుకున్నారు. అది 145 రోజులు సాగింది; గొట్టం ద్వారా బలవంతంగా ఆహారం ఎక్కించారు. వైద్యుణ్ణి గనుక ఈ ఘట్టాన్ని తేలికగా దాటిపోలేకపోయాను. మింగలేని రోగికి ప్రాణాధారమయ్యే గొట్టమే, వద్దన్నవాడి గొంతులో హింసాసాధనమవుతుంది. మరుసటి ఏడాది ప్రపంచ వైద్య సంఘం టోక్యో ప్రకటనలో, వివేకంతో ఆహారం నిరాకరించిన ఖైదీకి బలవంతంగా తినిపించరాదని స్పష్టం చేసింది. ఆజ్ఞ అయింది కదా అని గొట్టం పట్టుకున్న వైద్యుడు కూడా మరమేకే.

1979 ఏప్రిల్‌లో, ఇద్దరు సోవియట్ గూఢచారులకు బదులుగా విడిచిపెట్టిన ఐదుగురు ఖైదీలలో ఒకరిగా మొరోజ్ న్యూయార్క్ చేరారు. ఆయన తీవ్ర జాతీయవాదంతో, రాజీ ఎరుగని స్వభావంతో సాటి అసమ్మతివాదులు సైతం విభేదించారు. స్వతంత్ర ఉక్రెయిన్‌కు తిరిగి వెళ్లి, 2019లో ల్వీవ్‌లో కన్నుమూశారు.

ఆయన అభిప్రాయాలన్నింటినీ నేను ఆమోదించలేను. అయితే ఆమోదం కోరి రాసిన మనిషి కాదాయన. ఎవరి ఆలోచన వారిదిగా నిలుపుకోవాలన్నదే ఆయన కోరిక.