చదివి బాగుపడటం: తెలుగునాట ఆత్మవికాస పఠన చరిత్ర

తెలుగు పుస్తకాల దుకాణాల్లో నేడు వ్యక్తిత్వ వికాసం అన్న పేరుతో ఒక ప్రత్యేకమైన అర ఉంటుంది. భయాన్ని జయించడం, కాలాన్ని సద్వినియోగం చేసుకోవడం, పదిమందిలో తడబడకుండా మాట్లాడటం, ఉద్యోగంలో పైకి రావడం వంటి విషయాలను బోధించే ఈ పుస్తకాలు 1990 దశకం నుంచే విరివిగా వెలువడుతూ వచ్చాయి గనుక, వాటి వెనుక ఉన్న కోరిక కూడా ఆ కాలంలోనే అమెరికా నుంచి దిగుమతి అయిందని అనుకోవడం పరిపాటి. నిజానికి ఆ కోరిక తెలుగు అచ్చు పుస్తకం కన్నా పాతది. వీధిబడిలో వల్లించిన శతకం మొదలుకొని నేటి విజయసూత్రాల పుస్తకం దాకా వరుసగా పరిశీలిస్తే, చదివి బాగుపడాలన్న తపన ఏ తరంలోనూ తగ్గలేదనీ, అయితే బాగుపడవలసింది ఎవరు, ఆ చదువు ఎక్కడ, ఎవరి మధ్య సాగాలి అన్న ప్రశ్నలకు ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పుకుందనీ తేలుతుంది.

ఈ చరిత్రలో మొదటి మజిలీ శతకం. ఒకే మకుటంతో, అంటే ప్రతి పద్యం చివరా తిరిగి వచ్చే సంబోధనతో, నూరుకు తగ్గకుండా కూర్చిన పద్యాల సంపుటిని శతకమంటారు. బద్దెన పేరిట ప్రచారంలో ఉన్న సుమతీ శతకం, మారద వెంకయ్య భాస్కర శతకం, వేమన పద్యాలు, ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాలు వీధిబడుల్లో, అనగా పంతులుగారి అరుగు మీదో గుడి మంటపంలోనో నడిచిన బడుల్లో, పిల్లలకు అర్థం తెలియకముందే కంఠస్థమయ్యేవి. కొలువులో ఎలా మెలగాలి, ఎవరిని నమ్మాలి, ఎవరితో చెలిమి చేయాలి, ఎప్పుడు నోరు మెదపకూడదు అన్న లోకజ్ఞానమే నీతిశతకాల్లో ఎక్కువ పాలు ఆక్రమిస్తుంది. పుట్టిన స్థానాన్ని దాటి ఎదగమని అవి చెప్పవు; ఉన్న స్థానంలోనే మాట పడకుండా, మోసపోకుండా బతికే ఉపాయాన్ని చెబుతాయి. కులాన్నీ ఆచారాన్నీ బాహ్యాడంబరాన్నీ నిలదీసిన వేమన ఇందుకు పెద్ద మినహాయింపు. సి.పి. బ్రౌన్ 1829లో మద్రాసులో ఇంగ్లీషు అనువాదంతో సహా ప్రకటించడంతో, తాళపత్రాల్లోనూ జనం నాలుకల మీదా నిలిచి ఉన్న వేమన పద్యాలకు అచ్చు రూపం కూడా లభించింది.

అచ్చు వ్యాపించాక నీతిబోధ పద్యం నుంచి వచనంలోకి అడుగుపెట్టింది. పరవస్తు చిన్నయసూరి పంచతంత్ర కథల్లోని మిత్రలాభ, మిత్రభేదాలను గ్రాంథిక వచనంలో మలిచి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక తరతరాల విద్యార్థులకు పాఠ్యగ్రంథమై, నడవడిని, వాక్యరచనను కలిపి నేర్పింది. ఇంగ్లండులో 1859లో వెలువడిన సామ్యూల్ స్మైల్స్ గ్రంథం ‘సెల్ఫ్ హెల్ప్’ వంశమూ ఆస్తీ లేకున్నా కేవలం శ్రమతో పైకి వచ్చిన పనివారి, యంత్రనిర్మాతల జీవితాలను కూర్చి చెప్పి, ఇంగ్లీషు చదువుకున్న భారతీయుల్లోనూ విశేష ప్రచారం పొందింది. మనిషి తన స్థానాన్ని తానే మార్చుకోగలడన్న ఈ భావం శతకాల లోకజ్ఞానానికి కొత్త. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం (1848–1919) చేసిన కృషి ఆ భావాన్ని మరో మెట్టు ఎక్కించింది. నీతిచంద్రికలో మిగిలిన సంధి, విగ్రహ భాగాలను రాసిన ఆయనే 1874లో వివేకవర్ధని పత్రికను, అదే సంవత్సరం ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను ప్రారంభించి, 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించాడు. ఒక్కడు మంచివాడైతే చాలదు, అతని చుట్టూ ఉన్న ఆచారమూ మారాలన్నది ఆ కృషి సారాంశం గనుక, ఆయన చేతిలో ఆత్మసంస్కరణ, సంఘసంస్కరణ విడదీయరానివయ్యాయి.

స్త్రీల పఠనంలో ఈ మార్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. స్త్రీలు ఎలా ఉండాలో పురుషులు బోధించిన పుస్తకాలు మొదట వచ్చాయి. వీరేశలింగం సతీహితబోధిని పేరుతో ఒక పత్రికనే నడిపాడు. భండారు అచ్చమాంబ (1874–1905) ఆ వరుసను తిరగవేసింది. బడికి వెళ్లి చదువుకునే అవకాశం లేక, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుండగా ఇంట్లోనే తెలుగు, హిందీ వంటి భాషలు నేర్చుకున్న ఈమె, దేశచరిత్రలో ప్రసిద్ధికెక్కిన స్త్రీల జీవితాలను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల అన్న గ్రంథంగా కూర్చింది. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజ స్థాపనలోనూ ముఖ్యపాత్ర వహించింది. స్త్రీలకు విద్య తగదన్న వాదానికి ఉపన్యాసంతో కాక నిదర్శనాలతో జవాబు చెప్పాలన్న ఉద్దేశం ఆ గ్రంథంలో ఉంది. చదువరిలో ఆత్మవిశ్వాసం కలిగించడానికి చరిత్రను సాక్ష్యంగా నిలపడం తెలుగులో ఇక్కడి నుంచే ఒక పద్ధతిగా రూపుదిద్దుకుంది.

ఆ పద్ధతిని సంస్థాగతంగా నడిపినవాడు ఆమె తమ్ముడు లక్ష్మణరావే (1877–1923). మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన ఆయన, రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతుల తోడ్పాటుతో 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించాడు. ఇది ఒక గ్రంథమాల. అంటే చందాదారుల నుంచి ముందుగా సొమ్ము స్వీకరించి, ఒక ప్రణాళిక ప్రకారం వరుసగా పుస్తకాలను తక్కువ ధరకు అందించే ప్రచురణ వ్యవస్థ. చరిత్ర, జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, ఆరోగ్యం వంటి విషయాలను తెలుగు మాత్రమే తెలిసినవారికి అందించడం దాని లక్ష్యం. దాని తొలి ప్రచురణగా 1907లో వెలువడింది గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. పేద రైతు కుటుంబంలో పుట్టి, స్వయంకృషితో చదువుకుని, బానిసత్వాన్ని రద్దుచేసే అధికారం దాకా ఎదిగిన మనిషి కథను మొదటి పుస్తకంగా ఎంచుకోవడంలోనే మండలి దృష్టి వ్యక్తమవుతుంది. లింకన్ ఎదుగుదల ఆయన ఒక్కడి సొంత లాభంగా ముగియలేదు. ఒక జాతి విముక్తితో ముడిపడింది. పుస్తకం వెలువడిన మరుసటి ఏడాదే, 1908లో, స్వరాజ్య పత్రికలో ప్రభుత్వాన్ని విమర్శించినందుకు గాడిచర్ల రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లాడు.

పుస్తకం వేయడంతో పని ముగియదనీ, అది పాఠకుడి చేతికి చేరే చోటు కావాలనీ గుర్తించినవారు గ్రంథాలయాలు కట్టారు. నిజాం రాజ్యంలో పాలనాభాష, ఉన్నత విద్యాభాష ఉర్దూ కావడం వల్ల తెలుగు చదువుకు ఆసరా తక్కువ. ఆ పరిస్థితిలో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. సభ జరుపుకోవడానికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గష్తీ నిషాన్ 53, అంటే నిజాం ప్రభుత్వం జారీచేసిన 53వ సంఖ్య గల ఉత్తరువు, అమలులో ఉన్న కాలంలో గ్రంథాలయ వార్షికోత్సవమే చాలా ఊళ్లలో జనం ఒకచోట చేరి మాట్లాడుకునే సందర్భమైంది. తెలంగాణలో ప్రజాజీవితానికి నాయకత్వం వహించిన పలువురు మొదట గ్రంథాలయ కార్యకర్తలుగా పనిచేసినవారే.

కోస్తా జిల్లాల్లో ఇదే కృషి ఉద్యమ రూపం ధరించింది. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. విడివిడిగా నడుస్తున్న చిన్న చిన్న పఠన మందిరాలను ఒక తాటి మీదికి తెచ్చిన ఆ సంఘం గ్రంథాలయ సర్వస్వము అన్న పత్రికను నడిపి, పుస్తకాల ఎంపిక, నిర్వహణ, ప్రచారం గురించి కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. చేనేత పనివారు ఎక్కువగా ఉన్న వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనానికి 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశాడు. పాతూరి నాగభూషణం 1935లో పెదపులివర్రు కేంద్రంగా పడవ మీద గ్రంథాలయాన్ని నడిపి, కాలువ గట్టు పల్లెలకు పుస్తకాలు చేర్చాడు. ఈ గ్రంథాలయాల్లో చదువు మౌనంగా, ఏకాంతంగా సాగేది కాదన్నది గమనించవలసిన విషయం. అక్షరం రాని రైతులకు, కూలీలకు ఒకరు పత్రిక బిగ్గరగా చదివి వినిపించడం, రాత్రిబడి నడపడం, హరికథలు, ఉపన్యాసాలు ఏర్పాటుచేయడం గ్రంథాలయ విధుల్లో భాగాలు. చదివినవాడు తాను చదివినదాన్ని పదిమందికి అప్పగించాలన్న నియమం రాతపూర్వకంగా లేకపోయినా ఆచరణలో ఉండేది.

స్వాతంత్ర్యానంతరం 1948 నాటి మద్రాసు చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పౌర గ్రంథాలయాలకు స్థానిక పన్నులతో పాటు వసూలయ్యే సెస్సును ఆదాయంగా కల్పించాయి. నిధికి చట్టబద్ధత వచ్చింది గానీ, అదే సమయంలో ఊరివాళ్ల పూనిక సడలి, గ్రంథాలయం నెమ్మదిగా ఒక ప్రభుత్వ కార్యాలయమైంది. ప్రచురణ రంగం మరో దారి పట్టింది. 1953లో ఏర్పడిన విశాలాంధ్ర ప్రచురణాలయం అభ్యుదయ సాహిత్యాన్నీ, తెలుగులోకి అనువాదమైన సోవియట్ పుస్తకాలనూ చవకగా అందించి సామూహిక వికాస భావనను కొనసాగించగా, ఎమెస్కో వంటి సంస్థలు జేబు పుస్తకాలతో ఇంటింటికీ చేరాయి. వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల దుకాణాలు కలిసి చదువును ప్రధానంగా కాలక్షేపంగా మార్చిన కాలం కూడా ఇదే.

కాలక్షేప నవల నుంచే విజయకాంక్ష మళ్లీ తలెత్తడం ఈ చరిత్రలో ఆసక్తికరమైన మలుపు. యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘డబ్బు టు ది పవరాఫ్ డబ్బు’ ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1984లో వచ్చిన ‘ఛాలెంజ్’ చిత్రంలో, చేతిలో పైసా లేని నిరుద్యోగి అయిదేళ్లలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కాస్తాడు. చిరంజీవి పోషించిన ఆ పాత్ర సంఘాన్ని మార్చడానికి బయలుదేరదు. సంఘం నియమాలను అవతలివాళ్ల కన్నా బాగా తెలుసుకుని గెలుస్తుంది. 1991 ఆర్థిక సంస్కరణలు, ఇంజనీరింగు కళాశాలల విస్తరణ, 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభం ఒకదాని వెంట ఒకటి వచ్చినప్పుడు, తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్వ్యూ గది ముందు కూర్చున్న యువకుడికి కావలసింది ఆ తెలివే అయింది. యండమూరి రాసిన ‘విజయానికి ఐదు మెట్లు’, ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరామ్ రచనలు ఆ అవసరాన్ని తీర్చాయి. 1936లో డేల్ కార్నెగీ, 1937లో నెపోలియన్ హిల్ తమ పుస్తకాలతో అమెరికాలో స్థిరపరిచిన పద్ధతి, అనగా ఒక చిన్న సంఘటన, దాని నుంచి తీసిన ఒక సూత్రం, పాఠకుడు ఆచరించవలసిన కొన్ని పనులు అన్న క్రమం, తెలుగులోనూ కుదురుకుంది.

ఈ పుస్తకాలను చవకబారువని తోసిపుచ్చడం అన్యాయం. మొదటి తరం విద్యావంతులకు ఇంట్లో ఎవరూ చెప్పలేని విషయాలను, ఉద్యోగ దరఖాస్తు దగ్గర నుంచి సభాకంపం దాకా, అవి సులభమైన తెలుగులో చెప్పాయి. అయితే జీవితచరిత్ర స్థానంలో చిన్న సంఘటనను నిలపడం వల్ల ఒక నష్టం జరిగింది. ఉదాహరణకు, 2001 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై హైదరాబాదు బ్యాట్స్‌మన్ వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 281 పరుగులు పట్టుదలకు తిరుగులేని నిదర్శనంగా నిలిచిపోయాయి. ఫాలో ఆన్ ఆడవలసి వచ్చిన, అంటే మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనుకబడి వెంటనే మళ్లీ బ్యాటింగుకు దిగవలసి వచ్చిన జట్టు, ఆ టెస్టును 171 పరుగుల తేడాతో గెలిచింది. అదే మ్యాచ్‌లో రాహుల్ ద్రావిడ్ 180 పరుగులు చేశాడు; వారిద్దరి భాగస్వామ్యం 376 పరుగులు; నాలుగో రోజంతా వారు వికెట్ పడనివ్వలేదు; హర్భజన్ సింగ్ మొత్తం 13 వికెట్లు తీశాడు. మ్యాచ్ మొత్తాన్ని ఒక్కడి సంకల్పబలంగా కుదించి చెబితే ప్రేరణ మిగులుతుంది గానీ కారణం మిగలదు. జీవితచరిత్ర సమగ్రంగా చదివిన పాఠకుడికి మనిషి ఎదుగుదలలో సహచరుల, కాలపు, అవకాశాల పాలు ఎంతో తెలుస్తుంది. సూత్రం మాత్రమే చదివినవాడు, గెలవలేనప్పుడు, దోషమంతా తనదేనని నమ్మే ప్రమాదం ఉంది.

నేడు హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం మొదలుకొని జిల్లా గ్రంథాలయాల దాకా పోటీ పరీక్షల అభ్యర్థులతో కిటకిటలాడుతున్నాయి. చదివి బాగుపడాలన్న కోరిక ఎంత బలంగా ఉందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. కొరవడినది ఆ కోరికను ఒకరికొకరు పంచుకునే ఏర్పాటు. ఒకే బల్ల చుట్టూ కూర్చున్న అభ్యర్థులు ఒకే ఉద్యోగానికి ప్రత్యర్థులు కావడం ఈ కాలపు అనివార్యతే అయినా, వారానికి ఒక సాయంత్రమైనా అదే గదిలో ఒక జీవితచరిత్రను కలిసి చదివి చర్చించే పని ఏ చట్టం సవరించకుండానే, ఏ నిధి మంజూరు కాకుండానే ప్రారంభించవచ్చు. వేటపాలెం, హనుమకొండల్లో గ్రంథాలయాలు పెట్టినవారికి అంతకన్నా ఎక్కువ వనరులేమీ లేవు. ఆత్మవికాసం పేరిట తెలుగువారు చదివిన పుస్తకాల్లో చిరకాలం నిలిచినవి ఒక్కరిని గెలిపిస్తామని మాట ఇచ్చినవి కావు, ఒక ఊరిని మాట్లాడించినవి; పాఠకులు, గ్రంథాలయ నిర్వాహకులు తమ తమ ఊళ్లలో ఆ సంప్రదాయాన్ని తిరిగి మొదలుపెట్టడం అవసరం.