వరద లెక్క



సూర్యాపేట చేరువను సోలిపేటకడ మూసీనదికి అడ్డముగా కట్టిన జలాశయమును మీలో పెక్కుమంది చూచియేయుందురు. ఆ నది దిగువకు బోయి మిర్యాలగూడ దెసను వాడపల్లికడ కృష్ణలో గలియుచున్నది. కోదాడ పొలములకు నాగార్జునసాగరపు ఎడమ కాలువ ఆధారము. ఈ మూడు సీమల బ్రదుకును నీటిమీదనే యున్నది. కావున ఆ నీటి రాకపోకల లెక్క యెట్టిదో, అది యెంతవరకు నమ్మదగినదో నేడు ముచ్చటింతును.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. వేలకొలది జనులు మడిసిరి. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరమునకు ఎగువను జలాశయములు కట్టి వరదను పట్టి నిలుపవలెనని సూచించిరి. ఆ సూచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను వెలసినవి. సోలిపేట జలాశయము 1963లో ముగిసెను. నాగార్జునసాగరపు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడిచిరి.

జలాశయపు లెక్కకు మూలసూత్రము మన చెరువు నీరటి యెరిగినదే. వచ్చిన నీటినుండి పోయిన నీటిని తీసివేసిన నిలువలోని మార్పు తేలును. అయితే నిలువ మారినకొలది పోవు నీటి వేగమును మారుచుండును. చిక్కెల్ల నిచ్చటనే యున్నది. అందుచే కాలమును తునుకలుగా గోసి, ఒక్కొక్క తునుకలో వేగము మారదనుకొని, అడుగు వెంబడి అడుగుగా లెక్కింతురు. ఈ పద్ధతిని ఆయిలర్ అను గణితవేత్త 1768లో తన గ్రంథమున వివరించెను.

ఒక కల్పిత చెరువును తీసికొందము. అందు 100 పాళ్ల నీరున్నది. క్రొత్త నీరు రాదు. ఏ క్షణమున నెంత నిలువ యున్నదో, గంటకు అందు సగము చొప్పున నీరు పోవుచుండును. రెండు గంటల పిమ్మట మిగులునది నిజముగా 36.79 పాళ్లు. గంట గంటకు అడుగు వేసి లెక్కించిన 25 మాత్రమే వచ్చును. అరగంట అడుగులతో 31.64, పావుగంట అడుగులతో 34.36 వచ్చును. అడుగును సగము చేసిన తప్పును ఇంచుమించు సగమగుచున్నది. మూడు గంటల అడుగు వేసినచో, ఉన్న 100 పాళ్లనుండి 150 పోయినవని లెక్క చెప్పును! లేని నీరు పోవుట యెట్లు? అడుగు మితిమీరిన లెక్క తప్పుటయేగాక వెఱ్ఱితలలు వేయును.

అడుగును సన్నము చేయుటయొక్కటే ఉపాయము కాదు. జర్మనీలో రుంగే 1895లోను, కుట్టా 1901లోను ఒక్క అడుగునందే వేగమును పలుమారులు విచారించి సరాసరి తీయు మార్గమును చూపిరి. అందలి నాలుగవ తరగతి పద్ధతిచే పై చెరువునకు గంట అడుగులతోనే 36.82 వచ్చును.

నదివెంట సాగు వరదకు మరియొక నియమము గలదు. దీనిని కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీ అను మువ్వురు 1928లో కనుగొనిరి. నదిని ఖండములుగా విభజించి, వెనుకటి విలువలనుండియే ముందరి విలువలను తీయునపుడు, ఒక అడుగు కాలములో వరద అల ఒక ఖండమును దాటిపోరాదు. ఖండము రెండు క్రోసులై, అల గంటకు రెండు క్రోసులు నడచినచో, అడుగు గంటకు మించరాదు. మించెనేని లెక్క అలను అందుకొనజాలదు.

ఇది పండితుల వినోదము గాదు. 2024 సెప్టెంబరు మొదట కురిసిన కుంభవృష్టికి కోదాడ చేరువను నడిగూడెము మండలములో కాగిత రామచంద్రాపురముకడ ఎడమ కాలువకు గండి పడి, పొలములు మునిగినవి. వాన అంత వేగముగా వచ్చునపుడు దినమునకొక లెక్క చాలదు. గంట గంటకును వేయవలెను. లెక్క వేసినవాడు అడుగును సగము చేసి మరల వేసి చూడవలెను. రెండును ఇంచుమించు కలిసిననే దిగువ గ్రామములకు కబురు పంపవచ్చును.

అయినను మొదటి కొలతయే తప్పైనచో ఎంత సన్నని అడుగును దానిని దిద్దజాలదు. కావున పెద్దలగు మీరు వానకాలమున మీ చెరువు తూముకడ గుర్తు పెట్టించి, నీటిమట్టమును, చూచిన గంటను పుస్తకమున వ్రాయించుడు. గణితవేత్త లెక్క మొదలుపెట్టవలసినది ఆ పుటనుండియే.