మక్కా వైద్యుని సంతకం

దృశ్యకథనం నేర్పే తరగతుల్లో విద్యార్థులకు మొదట ఇచ్చే అభ్యాసాలు ఏ దేశంలోనైనా దాదాపు అవే: ఒక వ్యక్తి రూపచిత్రం, ఒక జనసమూహం, ఒక సంఘటనను మొదటినుంచి చివరిదాకా చెప్పే చిత్రాల వరుస. మక్కా, తాయిఫ్, జిద్దా నగరాలున్న హిజాజ్ ప్రాంతంలో వీటన్నిటినీ సాధన చేసిన తొలి స్థానికుడిగా మనకు తెలిసినవాడు సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్ అనే మక్కా వైద్యుడు. ఆయన పేరు ఆయన తీసిన ఫొటోల మీద ఉండేది. వాటిని అచ్చువేసిన పుస్తకంలో మాత్రం లేదు.

అంతకుముందు అక్కడికి కెమెరా రాలేదని కాదు. ఈజిప్టు సైనికాధికారి ముహమ్మద్ సాదిఖ్ 1861లో మదీనాను, 1880 ప్రాంతంలో మక్కాను ఫొటోలు తీశాడు. ఆయన యాత్రికులతో వచ్చి, వెళ్ళిపోయినవాడు. కెమెరా ఒక మక్కావాసి చేతిలో నిలిచింది మాత్రం డచ్ పండితుడు స్నూక్ హుర్‌ఖ్రోన్యే రాకతోనే.

స్నూక్ 1880లో లైడెన్ విశ్వవిద్యాలయంలో హజ్ యాత్ర పుట్టుపూర్వోత్తరాల మీద సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. అప్పటికి ఆయన హజ్‌ను చూడలేదు. 1884 ఆగస్టులో జిద్దా చేరి, డచ్ కాన్సులేట్‌లో బసచేసి, తూర్పు దీవుల నుంచి వచ్చే యాత్రికులను కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ చిత్రాల కింద ఊళ్ళ పేర్లు, ద్వీపాల పేర్లు కనిపిస్తాయి. మనుషులు ఆ ఊళ్ళకు నమూనాలుగా మిగిలారు. తర్వాత ఇస్లాం స్వీకరించి, 1885 ఫిబ్రవరిలో మక్కాలో ప్రవేశించాడు. ఆయన పెట్టుకున్న ముస్లిం పేరు కూడా అబ్దుల్ గఫ్ఫారే కావడం కాకతాళీయం.

వైద్యుని ఇంట్లోనే ఫొటోల పని సాగింది. స్నూక్ తన మక్కా గ్రంథంలో వర్ణించిన అక్కడి వైద్యుడు గడియారాలు, తుపాకులు బాగుచేస్తాడు, అత్తరు దింపుతాడు, లోహాలకు బంగారు, వెండి పూతలు వేస్తాడు. రసాయనాలతో ఇంత చనువున్న చేతికి ఫొటో ప్లేటు కొత్త బొమ్మేమీ కాదు. గురుశిష్య సంబంధం అనే మాటను ఇక్కడ కాస్త పొదుపుగా వాడుకోవడమే మంచిది.

అవి అనుమానాలు ముసిరిన రోజులు. సంస్కరణవాది మిద్‌హత్ పాషాను తాయిఫ్ కోట చెరసాలలో చంపి అప్పటికి ఏడాదే అయింది. ఎండాకాలంలో పరివారంతో తాయిఫ్ కొండలకు తరలిపోయే మక్కా షరీఫులకూ, ఒట్టొమన్ గవర్నరు ఉస్మాన్ పాషాకూ మధ్య అధికారం కోసం పోటీ నడుస్తోంది. ఈలోగా తైమా శాసనం అనే ప్రాచీన శిలను చేజిక్కించుకోవాలని స్నూక్ చూస్తున్నాడని ఒక ఫ్రెంచి పత్రిక రాసింది. గవర్నరు ఆయనను వెళ్ళిపొమ్మన్నాడు. 1885 ఆగస్టులో ఆయన మక్కా వదిలాడు. హజ్‌కు ఇంకా నెల పైచిలుకు గడువుంది. హజ్ మీద పట్టా పుచ్చుకున్న పండితుడు ఆ ఏడాదీ హజ్‌ను చూడలేకపోయాడు.

దాన్ని వైద్యుడు చూశాడు. తర్వాతి సంవత్సరాల్లో ఆయన తీసిన చిత్రాలు జిద్దాలోని డచ్ కాన్సులేట్ ద్వారా లైడెన్ చేరాయి. మినాలో గుడారాలు, అరఫాత్ మైదానంలో విడిది, కాబా చుట్టూ వరుసలు తీరి ప్రార్థిస్తున్న జనం. జిద్దా చిత్రాల్లో కనిపించే బిగింపు వీటిలో లేదు. ఎత్తైన చోట కెమెరా నిలిపి, మనుషులను ఎంచి విడదీయకుండా ఊరినంతటినీ ఒక్కసారిగా చూపుతాయి. జనసమూహాన్ని చిత్రించడం నేటి విద్యార్థికీ కష్టమైన అభ్యాసమే. కదిలినవారు మసకగా పడే కాలంలో ఆయన దాన్ని సాధించాడు. పైగా ప్లేట్ల మీద వరుస సంఖ్యలు వేసి, అందమైన అరబిక్ లిపిలో 'మక్కా వైద్యుడు సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్ ఫొటోగ్రఫీ' అని రాసుకున్నాడు. సంఖ్య వేసినవాడు ఒక్కో బొమ్మనూ విడిగా చూడడనీ, అవన్నీ కలిసి చెప్పే కథను చూస్తాడనీ నా ఊహ. అదే దశాబ్దంలో సికింద్రాబాదులో స్టూడియో తెరిచిన లాలా దీన్ దయాళ్ కూడా ప్లేట్ల మీద సంఖ్య, పేరు వేసేవాడు. ఆయన పేరు చెరగలేదు.

1889లో స్నూక్ వైద్యుని చిత్రాలతో 'బిల్డర్ అవుస్ మెక్కా' ప్రచురించాడు. వాటిని తీసింది మక్కాలోని ఒక వైద్యుడని చెప్పాడు గాని పేరు చెప్పలేదు. ప్లేట్ల మీది అరబిక్ అక్షరాలను అచ్చులో జాగ్రత్తగా తొలగించారు. పేరు బయటపడితే వైద్యునికి మక్కాలో ముప్పు రావచ్చన్న భయం ఉండి ఉండవచ్చునని కొందరు సమర్థిస్తారు. కానీ తన పేరు తానే రాసుకున్న మనిషికి ఆ భయం ఉందనుకోవడం కష్టం.

దాదాపు ఒక శతాబ్దం తర్వాత పరిశోధకులు అసలు ముద్రలను పరిశీలించి ఆ అక్షరాలను మళ్ళీ చదివారు. ఇప్పుడు లైడెన్ గ్రంథాలయ పట్టికలో ఆయన పేరుంది. అయినా ఇద్దరూ ఒకే ఇంట్లో పనిచేశారు గనుక కొన్ని చిత్రాలు ఏ అబ్దుల్ గఫ్ఫార్ తీసినవో ఇప్పటికీ తేలలేదు.