హిజరీ మాసనామముల రోమను రూపములు: కంప్యూటరు తెరపై వాని స్థితి

హిజరీ సంవత్సరమునందలి పండ్రెండు మాసములలో మూడు జంటలు కలవు. రబీ ఉల్ అవ్వల్, రబీ ఉల్ ఆఖిర్ అనునవి యొక జంట. జమాదీ ఉల్ అవ్వల్, జమాదీ ఉల్ ఆఖిర్ అనునవి రెండవది. జిల్ఖదా, జిల్‌హిజ్జా అనునవి మూడవది. ప్రతి జంటయందును పూర్వపద మొక్కటియే. ఉత్తరపదముననే మాసభేదము తెలియవలెను. ఇంకను షాబాన్, షవ్వాల్ అను పేళ్లకు తెలుగున తొలి యక్షరమే భిన్నమైనను, రోమను లిపిలో మొదటి మూడు వర్ణములు, అనగా ఎస్, హెచ్, ఏ అనునవి, సమానములు. కావున ఈ నామములను రోమను లిపిలో వ్రాసి, ఆంగ్లమాసముల కలవాటైన పద్ధతిని మూడేసి వర్ణములకు కుదించినచో పండ్రెండు మాసములకు మిగులు పేళ్లు ఎనిమిదియే.

ఇది కేవలము వినోదముకొఱకు వేసిన లెక్క కాదు. గోలకొండ దుర్గము ఔరంగజేబు సేనల వశమైన తేదీ హిజరీ 1098 జిల్ఖదా 24. నాటి ఇంగ్లీషువారు పాటించిన పాత పంచాంగమునుబట్టి అది 1687 సెప్టెంబరు 21. గ్రిగోరియన్ గణనమునుబట్టి అక్టోబరు 1. ఈ తేదీలోని మాసనామము మూడు వర్ణములకు కుదింపబడి నిలిచినచో, చూచువారికి అది జిల్ఖదాయో జిల్‌హిజ్జాయో తెలియదు. రెండింటికిని నడుమ ముప్పది దినముల యంతరము. కుతుబ్‌షాహీ రాజ్యము అంతరించిన దినము ఒక నెల వెనుకకు జరుగుటకు ఒక పదము సగము తెగినచో చాలును. దక్కను చరిత్రకు ఆధారములైన ఫర్మానులు, శాసనములు, పారసీక చరిత్రగ్రంథములు హిజరీ తేదీలతో నిండియున్నవి. వాని సూచికలు నేడు కంప్యూటరులయందు సిద్ధమగుచున్నవి. కనుక తెరపై కనబడు మాసనామ మెట్టిది, అది యెచ్చటినుండి వచ్చినది అను ప్రశ్న చారిత్రకునకు అన్యము కాజాలదు.

అరబ్బీ పేళ్లను రోమను లిపిలోనికి దింపుట నేటి పని కాదు. జోసెఫ్ స్కాలిజర్ 1583లో కాలగణనమును గూర్చి వెలువరించిన గ్రంథమున హిజరీ గణనమును చర్చించెను. 1650లో జాన్ గ్రీవ్స్ ఉలూగ్ బేగు పట్టికలలోని శకముల ప్రకరణమును లండనులో ప్రకటించెను. 1854లో వ్యూస్టెన్‌ఫెల్డ్ లైప్జిగ్ నగరమున ప్రకటించిన హిజరీ-క్రీస్తుశక తులనాత్మక పట్టికలు, తరువాతి వారు సవరింపగా, ఇరువదవ శతాబ్దమునను పండితుల చేతిలో నుండినవి. మన దేశమునకు సంబంధించినంతవఱకు సి. పి. బ్రౌను 1850లో మదరాసున ప్రకటించిన పట్టికలు తొలుత స్మరింపదగినవి. తెలుగు, కన్నడ దేశముల చరిత్రకు పనికివచ్చునట్లు హిందూ, మహమ్మదీయ కాలగణనములను రెండింటిని ఆయన యొక్కచోట కూర్చెను. తెలుగువారు బ్రౌనును నిఘంటుకారునిగా, వేమన పద్యముల సేకర్తగా స్మరించినంతగా ఈ పట్టికల కర్తగా స్మరింపరు. తరువాత 1896లో రాబర్ట్ స్యూయెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ కలిసి వెలువరించిన గ్రంథమును, 1922లో వెలువడిన స్వామికన్ను పిళ్లై పంచాంగ సంపుటములును ఈ కోవలోనివే.

ఈ పట్టికలలో వర్ణక్రమము ఏకరీతిగా లేదు. అయినను దానివలన కలిగిన హాని స్వల్పము. ఏలయన, పట్టికయందు మాసనామము తన స్థానముచేతనే గుర్తింపబడును. పదునొకండవ గడిలో నున్నది జిల్ఖదాయే. దానిని జడ్ వర్ణముతో వ్రాసినను, డీ-హెచ్ వర్ణములతో వ్రాసినను చదువరి తడబడడు. కంప్యూటరు తెరపై తేదీ ఒంటరిగా నిలుచును. ముందు మాసములు లేవు, వెనుక మాసములు లేవు. పేరే సర్వస్వము.

అరబ్బీయందలి కొన్ని ధ్వనులకు రోమను లిపిలో సరియైన వర్ణములు లేవు. పండ్రెండు మాసనామములలో పదునొకంటియందు ఇట్టి ధ్వనియో, దీర్ఘస్వరమో ఉన్నది. ముహర్రములోని హకారము కంఠమూలమునుండి పుట్టునది. సఫర్‌లోని సకారము బరువైనది. రబీ, షాబాన్‌లయందు 'ఐన్' అను కంఠ్యధ్వని కలదు. రమదాన్‌లోని దకారము అరబ్బీకి ప్రత్యేకము. చిక్కు లేని పేరు రజబ్ ఒక్కటే అనుకొందము. 1913లో ప్రకటన మారంభమైన ఇస్లాము విజ్ఞానసర్వస్వము దానినైనను విడువక, జకారమునకు డీ-జే అను రెండు వర్ణములను వాడెను. రెండవ ముద్రణమును ఆ మార్గమునే అనుసరించెను. 2007లో మొదలైన మూడవ ముద్రణమున గాని ఒంటి జే వర్ణము రాలేదు. తురుష్కులు 1928లో రోమను లిపిని గైకొన్న పిమ్మట ఆ పేరునే సీ వర్ణముతో వ్రాసి, చివర బకారమును పకారముగా మార్చుకొనిరి. ఇట్లు ఏ చిక్కును లేదనుకొన్న పేరునకే మూడు వేషములు!

పండితులు దీనికొక కట్టుబాటు చేయుటకు యత్నింపకపోలేదు. విలియం జోన్స్ 1788లో ఆసియా పదముల రోమను వర్ణక్రమమును గూర్చి వ్రాసిన వ్యాసము ఈ యత్నములలో ప్రసిద్ధము. 1894లో జెనీవా ప్రాచ్యవిద్యా మహాసభ ఒక పద్ధతిని ఆమోదించెను. 1935లో రోము మహాసభకు జర్మను ప్రాచ్యవిద్యా పరిషత్తు మఱియొక పద్ధతిని సమర్పించెను. 1984లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ ఇంకొకటి నిర్ణయించెను. దీర్ఘమునకు తలపై అడ్డగీత, బరువు హల్లునకు అడుగున చుక్క, ఐన్‌నకు ఎడమవైపు తెఱచిన దానికి బదులు కుడివైపు తెఱచిన అర్ధవలయము, ఈ విధముగా గుర్తులు స్థిరపడినవి గాని పద్ధతు లన్నియు ఒక్కటి కాలేదు.

ఇచ్చట మన దేశమునకు ప్రత్యేకముగ సంబంధించిన చిక్కొకటి కలదు. దానిని గూర్చి వ్రాసినవారు మాకు కనబడలేదు గనుక కొంత విస్తరించి చెప్పుట యుక్తము. అరబ్బీలో 'జాల్' అను వర్ణము కలదు. ఆంగ్లమున 'దట్' అను మాట మొదట వినబడు మెత్తని ధ్వనియే దాని మూలధ్వని. పాశ్చాత్యపండితులు దీనికి డీ-హెచ్ అను జంటవర్ణములను నియమించిరి. పారసీకమునందును, దానినుండి ఉర్దూయందును ఈ ధ్వని జకారముగా పలుకబడును. కావుననే హైదరాబాదున జిల్ఖదా, జిల్‌హిజ్జా అను పలుకుబళ్లు. ఇంతవఱకు తగవు లేదు. కాని భారతదేశమున రోమను లిపి వ్రాతకు సర్ విలియం హంటరు పేర పందొమ్మిదవ శతాబ్దమున స్థిరపడిన పద్ధతిలో డీ-హెచ్ అనగా మహాప్రాణమగు ధకారము. ధర్మము, ధనము అను మాటలను మనము అట్లే వ్రాయుదుము. ఇట్టి యభ్యాసము గల తెలుగువాడు తెరపై డీ-హెచ్-యూ అని చూచినపుడు 'ధుల్ హిజ్జా' అని చదువును. దానిని తెలుగున వ్రాయవలసి వచ్చినచో అట్లే వ్రాయును. ఆ ధకారము అరబ్బీలోను లేదు, ఉర్దూలోను లేదు, చార్మినారు చుట్టుపట్ల ఎవరి నోటను లేదు. అది రెండు లిప్యంతరీకరణ పద్ధతుల సంకరమువలన పుట్టిన శబ్దము. రబీ ఉల్ ఆఖిర్‌నకు నామాంతరమగు 'రబీ ఉస్ సానీ' యందును ఇదియే గతి: టీ-హెచ్ వర్ణములను చూచి మనవారు 'థానీ' అందురు. రంజాన్ మాత్రము ఈ యాపదనుండి తప్పించుకొన్నది. అది పుస్తకమునుండి కాక, వీథినుండియు పొరుగింటినుండియు తెలుగులోనికి వచ్చిన మాట. ఆ మాసము పేరు తెలియని తెలుగువాడు లేడు.

మలయా, ఇండోనీసియా దేశములలో కథ వేఱు. అచ్చట రోమను లిపియే నేటి దేశీయలిపి. షవ్వాల్ అను పేరున తొలిహల్లును ఇండోనీసియావారు డచ్చి పద్ధతిని ఎస్-జే అనియు, మలయావారు ఆంగ్లపద్ధతిని ఎస్-హెచ్ అనియు వ్రాయుచుండిరి. 1972 నాటి వర్ణక్రమ సంస్కరణముచే ఉభయులును ఎస్-వై అని వ్రాయుట కంగీకరించిరి. కావున 'రోమను లిపిలో మాసనామము' అని యడుగువానిని ముందుగా 'ఎవరి రోమను లిపి?' అని తిరిగి ప్రశ్నింపవలెను.

ఇక యంత్రమునకు వత్తము. 1963లో అమెరికాలో నిర్ణయింపబడిన ఆస్కీ సంకేతావళిలో స్థానములు 128. అందు తలగీతలకును, అడుగు చుక్కలకును, ఐన్‌నకును చోటు లేదు. 1987లో వెలువడిన 'లాటిన్-1' సంకేతావళి పశ్చిమయూరపు భాషల అవసరములు తీర్చినది గాని దీర్ఘపు తలగీతకు అందును తావు లేకపోయెను. జెనీవాలో, రోములో పండితులు శ్రమించి నిలిపిన గుర్తులన్నియు కంప్యూటరు తొలి దశాబ్దములలో ఇట్లు రాలిపోయినవి. ఐన్‌నకు బదులు టైపు యంత్రపు కామా నిలిచినది, లేదా ఏమియు నిలువలేదు. అదే కాలమున తేదీని మూడు వర్ణముల మాసనామముతో వ్రాయు అలవాటు పాతుకొన్నది. 1982లో ఎలక్ట్రానిక్ లేఖల శీర్షికలకై యేర్పడిన నియమమునందును నెలకు మూడు వర్ణములే. ఆంగ్లమాసములకు ఇది చక్కగా సరిపోయెను. జూన్, జూలైలకును, మార్చి, మేలకును మూడవ వర్ణముననే భేదము దొరకుట ఒక యదృష్టము. ఆ యదృష్టమును ప్రకృతినియమముగా భావించి ఇతర పంచాంగములకును మూడు వర్ణముల గడులే కట్టుటవలన మొదట మేము చూపిన యెనిమిది పేళ్ల చిక్కు పుట్టినది.

1991లో యూనికోడ్ వెలువడిన పిదప గుర్తుల కొఱత క్రమముగా తీరెను. ప్రపంచభాషలన్నిటి మాసనామములు, వారనామములు మొదలగువానిని ఒక్కచోట చేర్చు సామాన్య స్థానీయ సమాచార భాండారము 2003లో ఆరంభమై, 2004లో యూనికోడ్ సంఘము పోషణలోనికి వచ్చెను. నేటి ఫోనులు, కంప్యూటరులు అనేకము మాసనామములను దీనినుండియే గ్రహించును. దీనియందు చిరకాలముగా కనబడుచున్న ఆంగ్ల రూపములను మేము పరిశీలించితిమి. జంటమాసములలో రబీ, జమాదీలకు రోమను అంకెలతో ఒకటి, రెండు అని చేర్చిరి. కుదించినపుడు మూడు వర్ణములకే పట్టుపట్టక, షాబాన్‌నకు మూడును షవ్వాల్‌నకు నాలుగును ఉంచిరి. జిల్ఖదా, జిల్‌హిజ్జాలకు ఉత్తరపదపు తొలి వర్ణమును నిలిపిరి. ఇది వివేకముతో చేసిన పని. పేళ్లు కురుచలైనను పండ్రెండు పండ్రెండుగనే యున్నవి.

రోమను అంకెలవలన ఒక నష్టము లేకపోలేదు. అరబ్బీలో రబీ పుంలింగము, జుమాదా స్త్రీలింగము. కనుక మొదటిదానికి 'అవ్వల్' అనియు, రెండవదానికి 'ఊలా' అనియు విశేషణములు. పారసీక, ఉర్దూ వాడుకలో ఈ భేదము నశించి జమాదీయును 'అవ్వల్' అయినది. అంకె వేసినచో ఈ చరిత్ర యంతయు కనుమఱుగగును. అయినను ఇఱుకు గడిలో వ్యాకరణముకంటె మాసనిర్ణయమే ప్రధానము గనుక దీనిని మేము దోషముగా ఎన్నము.

దోషమనదగిన దొకటి యున్నది. ఆ రూపములలో ఐన్‌నకు వాడిన గుర్తు తలక్రిందులైన కామా. హవాయి భాషలోని 'ఓకినా' అను వర్ణమునకును యూనికోడ్‌లో అదియే సంకేతము. పండితులు వాడు అర్ధవలయమునకు వేఱు స్థానము కలదు. అంతకుమించి, జిల్ఖదా రూపమున ఈ గుర్తు రెండుమార్లు వచ్చినది. రెండవచోట నిజముగా ఐన్ కలదు. మొదటిచోట నున్నది లోపించిన అకారము మాత్రమే. ఒకటి హల్లు, మఱొకటి సంధివలన కలిగిన లోపము. రెండింటికి ఒకే గుర్తు వేయుట సంధిని వర్ణముగా భ్రమించుటయే. బాలవ్యాకరణము చదివిన విద్యార్థి యైనను దీనిని అంగీకరింపడు.

కంటికి ఈ గుర్తులన్నియు ఇంచుమించు ఒకటే. యంత్రమునకు కావు. టైపు యంత్రపు కామా, అచ్చుయంత్రపు ఉద్ధరణ చిహ్నము, తలక్రిందులైన కామా, అర్ధవలయము నాలుగును వేర్వేఱు సంకేతములు. ఒక గ్రంథాలయ సూచికలో ఒకదానితో నమోదైన షాబాన్ తేదీ, వెదకువాడు మఱొకదానితో వెదకినచో దొరకకపోవచ్చును. తురుష్క రూపములకు ఇంకొక విపత్తు: ఆ భాషలో చుక్క గల ఐ వర్ణము వేఱు, చుక్క లేనిది వేఱు. జిల్‌హిజ్జా యొక్క తురుష్క రూపమును ఆంగ్లనియమముతో పెద్దబడి అక్షరములకు మార్చినచో చుక్కలు రాలి, తురుష్కుని కంటికి వేఱు పదమగును.

మాసము సరియైనను దినము సరిగా నుండునని నియమము లేదు. ముప్పది సంవత్సరముల చక్రమున పదునొకండు అధికదిన సంవత్సరములుగా లెక్కించు పట్టిక పంచాంగము వేఱు, సౌదీ అరేబియా వాడు ఉమ్ముల్ ఖురా పంచాంగము వేఱు, చంద్రదర్శనముచే నిర్ణయమగునది వేఱు. కాని అది గణితవిషయము, ప్రత్యేకముగ చర్చింపదగినది.

మా యభిప్రాయమున, సమాచారమును భద్రపఱచునపుడు మాసమును అంకెతోనే నిలుపవలెను. జిల్ఖదా యనగా పదునొకటి. పేరు చూపుటకు మాత్రమే. ఆ పేరును చూచువాని దేశమునుబట్టి మార్చవచ్చును, మార్చవలెను. భారతీయ పాఠకునకు రోమను లిపిలో చూపునపుడు జడ్ వర్ణముతోడి రూపమును, అరబ్బీ విద్యార్థికి డీ-హెచ్ రూపమును చూపుట న్యాయము. తెలుగు తెరపై 'ధుల్' అని వ్రాయు పద్ధతిని మాని, ఉర్దూ ఉచ్చారణమునుండి నేరుగా 'జిల్ఖదా', 'జిల్‌హిజ్జా' అని వ్రాయవలెను. ప్రాచీనపత్రముల సూచికలు కట్టువారు మూలమున నున్న అరబ్బీ రూపమును, మాసపు అంకెను, ఒక రోమను రూపమును మూడు వేర్వేఱు గడులలో నింపినచో, 1098 నాటి ఆ ఇరువదినాలుగవ తేదీ ఏ మాసమునకు చెందినదో వెదకువాడు ఏ వర్ణక్రమముతో వెదకినను కనుగొనగలడు.