తెలుగునాట హైస్కూలు ఇంగ్లిష్: బోధన, పరీక్షల చరిత్ర

తెలుగు ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లిష్ చదువు కుదురుకొని సుమారు నూట ఎనభై ఏళ్లయింది. ఇంతకాలంలో బోధనా పద్ధతులు పలుమార్లు మారాయి. పబ్లిక్ పరీక్ష మాత్రం ఎప్పుడూ విద్యార్థి రాయగలిగినదాన్నే కొలిచింది. విని అర్థం చేసుకోవడం, మాట్లాడడం సిలబస్‌లోకి వచ్చినా మార్కుల జాబితాకు ఎక్కలేదు. తరగతి గదిలో ఏం జరగాలో పాఠ్యపుస్తకం కన్నా ప్రశ్నపత్రమే ఎక్కువగా నిర్ణయించింది. ఈ చరిత్ర అంతటా కనిపించే సూత్రం ఇదే.

కంపెనీ కాలంలో ఇంగ్లిష్ కచేరీ కొలువుకు దారి. ఒంగోలు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) ఆ దారినే మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడయ్యాడు. మద్రాస్ స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా 1820లో బడుల స్థితిగతులపై నివేదిక కూడా సమర్పించాడు. 1835లో మెకాలే మినిట్ ప్రభుత్వ సొమ్మును ఇంగ్లిష్ చదువు వైపు మళ్లించింది. 1843లో క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లిష్ బడి తెరిచాడు. 1854 నాటి వుడ్ డిస్పాచ్ పై చదువులకు ఇంగ్లిష్‌ను, కింది తరగతులకు దేశభాషలను సూచించింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్ పరీక్ష హైస్కూలు చదువుకు గమ్యమైంది. వ్యాకరణం, అనువాదం, కంఠస్థం ఆనాటి బోధనకు మూలస్తంభాలు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో వెంకటేశం పరీక్ష తప్పడం, గిరీశం చదువు చెప్పే నెపంతో అతని వెంట ఊరికి వెళ్లడం ఆ కాలపు ఇంగ్లిష్ మోజుకు నమ్మదగిన సాక్ష్యాలు.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మెట్రిక్ స్థానంలోకి ఎస్సెస్సెల్సీ (సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్) వచ్చింది. అందులో పబ్లిక్ పరీక్ష మార్కులతో పాటు బడిలో తెచ్చుకున్న మార్కులూ నమోదయ్యేవి. ఏడాది పొడవునా జరిగే మదింపును ఇటీవలి ఆవిష్కరణగా భావించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లోనే పాఠశాలల పర్యవేక్షణకు విశాఖ ప్రాంతానికి వచ్చిన జె.ఎ. యేట్స్, వీధిలో వినిపించే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ అంత తేడా ఎందుకుందని అడిగాడు. భాషను వాడుకలోనే నేర్పాలన్న ఆలోచన అలా తెలుగు బోధనను కదిలించి, గిడుగు రామమూర్తి సాగించిన వ్యావహారిక భాషోద్యమానికి ఊతమిచ్చింది. ఇంగ్లిష్ క్లాసు మాత్రం చాలాకాలం డిక్టేషన్, కాంపోజిషన్, రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం, శంకరనారాయణ నిఘంటువుల మధ్యే తిరిగింది. నిజాం రాష్ట్రంలో పరిస్థితి వేరు. అక్కడ 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధిస్తూనే ఇంగ్లిష్‌ను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచింది.

స్వాతంత్ర్యానంతరం బోధన మాతృభాషలోకి మారడంతో ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా మిగిలింది. 1968 నాటి జాతీయ విద్యావిధానం ఆమోదించిన త్రిభాషా సూత్రం ప్రకారం తెలుగు ప్రథమ భాష, హిందీ ద్వితీయ భాష, ఇంగ్లిష్ తృతీయ భాష అయ్యాయి. 1958లో హైదరాబాద్‌లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ (ఇప్పటి ఇఫ్లూ) ఉపాధ్యాయ శిక్షణకు కేంద్రమైంది. వాక్య నిర్మాణాలను తేలికవాటి నుంచి కష్టమైనవాటికి వరుసగా పేర్చి, పదేపదే అనిపించి అలవాటు చేయించే స్ట్రక్చరల్ పద్ధతి అప్పట్లో బలపడింది.

దానికి భిన్నంగా భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల సాధారణ బడుల్లో వేరే ప్రయోగం నడిపాడు. వ్యాకరణ పాఠం చెప్పకుండా పటాలు, రైళ్ల వేళల పట్టికలు ఇచ్చి, పిల్లల చేత ఇంగ్లిష్‌లోనే ఆలోచించి పరిష్కరించాల్సిన పనులు చేయించడం అందులో ప్రధానం. తర్వాత జరిగిన మూల్యాంకనంలో పనుల తరహా పరీక్షలో ప్రభు పిల్లలు, నిర్మాణాల తరహా పరీక్షలో మామూలు తరగతుల పిల్లలు మెరుగ్గా నిలిచారు. పరీక్ష ఏది కొలుస్తుందో అదే నేర్చుకున్నట్టు కనబడుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన రుజువు దొరకదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో ఇంగ్లిష్‌కు 50 మార్కుల చొప్పున రెండు పేపర్లు ఉండేవి. ఉత్తీర్ణతకు నూటికి హిందీలో 20 చాలు, ఇంగ్లిష్‌లో 35 రావాలి. పాఠాలు, నాన్‌డిటైల్డ్ కథలు, లేఖలు, బిట్లు అన్నీ గైడ్లలో సిద్ధంగా దొరికేవి. పల్లె పిల్లలకు ఆ గైడే రెండో ఉపాధ్యాయుడు. వల్లెవేసి గట్టెక్కిన వారిని తప్పుపట్టడం అన్యాయం. పరీక్ష వారిని అడిగింది అంతే.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత పుస్తకాలు మారాయి. సంభాషణ, వర్ణన, డైరీ, వార్తాకథనం వంటివి పిల్లలు సొంతంగా రాయాలన్నది కొత్త పాఠాల లక్ష్యం. నిరంతర సమగ్ర మూల్యాంకనంతో పబ్లిక్ పరీక్షకు 80, బడిలోని ప్రాజెక్టులు, స్లిప్ టెస్టుల వంటి వాటికి 20 మార్కులు కేటాయించారు. తెలంగాణ దీన్ని ముందుగా అమలుచేసింది. ఆంధ్రప్రదేశ్ కొన్నేళ్లు పాటించి అంతర్గత మార్కులను తొలగించింది. ఇష్టారాజ్యంగా మార్కులు వేస్తున్నారన్న ఆరోపణ అంతర్గత మార్కుల పద్ధతిని మొదటి నుంచీ వెంటాడింది. ఉపాధ్యాయుడిపై నమ్మకం ఉంచలేని వ్యవస్థలో మౌఖిక పరీక్షకు చోటు దొరకడం కష్టం. ఎందుకంటే మాట్లాడిన ఇంగ్లిష్‌కు మార్కు వేయగలిగేది ఎదురుగా కూర్చుని విన్నవారే.

మాధ్యమం మీద వాదన మరో వైపు సాగింది. 2008–09లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం మొదలైంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్నే తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన అచ్చైన ద్విభాషా పుస్తకాలు వాడుకలోకి వచ్చాయి. తెలంగాణ 2022–23 నుంచి 1–8 తరగతుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రారంభించింది. మాధ్యమం మారినంత మాత్రాన భాష రాదు. అన్ని సబ్జెక్టుల ప్రశ్నలకూ ఇంగ్లిష్‌లో జవాబులు బట్టీపట్టే భారం మాత్రం పెరిగే ప్రమాదం ఉంది.

వినికిడికి పరీక్షలో చోటిచ్చే ప్రయత్నం 2023లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకొని బడి పిల్లలకు టోఫెల్ శిక్షణ, పరీక్ష ప్రవేశపెట్టింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమం ఆగిపోయింది.