చక్రం మీది నల్లపొడి

రాయ్‌పూర్‌లో కారున్నవాళ్ళకి ఆదివారం పొద్దున ఒక పని తప్పదు. గుడ్డ, బకెట్టు పట్టుకుని బండి తుడుచుకోవాలి. ఊరికి ఉత్తరాన ఉర్లా, సిల్తారా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలున్నాయి. డాబా మీద ఆరేసిన బట్టల మీద నల్లచుక్కలు పడటం ఇక్కడ వింతేమీ కాదు. అందుకే నా కారు చక్రాల మీద ఎంత తుడిచినా నల్లపొడి పేరుకుంటోందని చెప్పగానే పక్కింటాయన తేల్చేశారు: "అది సిల్తారా పొగండీ, బండిదేం తప్పులేదు."

నా బండి చూసే మెకానిక్ శ్రీకాకుళం జిల్లావాడు. 1931లో పార్వతీపురం-రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రవాళ్ళకి ఈ ఊరు దగ్గరైంది. అతనన్నాడు: "పొగ కాద్సార్, బ్రేకు ప్యాడ్లు. సిరామిక్‌వి వేయించండి, ఇంక పొడే రాదు." మా బంధువొకాయన మూడో కారణం చెప్పారు: బండి కొన్నప్పుడు నేను నిమ్మకాయలు తొక్కించలేదట!

ముగ్గురూ ఒకే ధీమాతో చెప్పారు. చెప్పేవాడి ధీమా రుజువు కాదని మనకి తెలుసు. మరి తేల్చుకోవడం ఎలా?

ముందు అయస్కాంతం పెట్టి చూశాను. పొడి అంటుకుంది. మెకానిక్ గెలిచాడనుకున్నాను. కానీ డాబా మీద ఊడ్చిన నల్లధూళి దగ్గర పెట్టినా అంటుకుంది! రెంటిలోనూ ఇనుము ఉంది. అంటే ఈ పరీక్ష రెండు వాదనలకీ సరిపోతుంది, కనుక దేన్నీ తేల్చదు. నిమ్మకాయ వాదనదీ ఇదే జబ్బు. ప్రమాదం జరిగితే తొక్కించనందుకు, జరక్కపోతే అదృష్టం. ఏం జరిగినా ఓడిపోని వాదన ఏమీ చెప్పని వాదన.

తర్వాత నాలుగు చక్రాలూ శుభ్రంగా కడిగి రెండు వారాలు మామూలుగా తిరిగాను. నాలుగు తెల్లగుడ్డ ముక్కలతో నాలుగింటినీ తుడిచాను. ముందు చక్రాలవి బొగ్గులా వచ్చాయి. వెనకవి మట్టిరంగులో వచ్చాయి. ఊరిగాలి ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి ఉండదు కదా. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి తూలుతుంది, ఎక్కువ పని ముందు బ్రేకులే చేస్తాయి. పొడి బ్రేకుదే. మెకానిక్ మాట నిజం.

అయితే సగమే నిజం. నా బండికి, మన దేశంలోని చాలా చిన్న కార్లకి లాగే, ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు. డిస్కు బయటికి తెరిచి ఉంటుంది, పొడి చక్రం మీద పడుతుంది. డ్రమ్ము మూసిన డబ్బా, పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. వెనక పొడి పుట్టడం లేదని కాదు, మనకి కనబడటం లేదు. కనబడటానికీ ఉండటానికీ మధ్య ఈ తేడా గురించి చదువుతూ పోతే బ్రేకుల చరిత్రంతా అదేనని అర్థమైంది.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే జర్మన్ మహిళ భర్త తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసింది. దారిలో చెక్క బ్రేకు దిమ్మెలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. బ్రేకు లైనింగు కథ అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్, గుర్రపు బండ్లవాళ్ళు బ్రేకు దిమ్మెకి పాత బూటు తొడగడం చూసి, 1897లో బ్రేకు లైనింగుల వ్యాపారం మొదలుపెట్టాడు. అదే తర్వాత ఫెరోడో కంపెనీ అయింది. మోటార్ల వేగం పెరిగింది. తోలూ, నూలూ వేడికి మాడిపోయేవి. 1908 నాటికి ఫ్రూడ్ కాలని నార ఒకటి పట్టుకున్నాడు. అది ఆస్‌బెస్టాస్, మన రాతినార. చవక, గట్టిది, వేడికి చలించదు. సుమారు 80 ఏళ్ళు ప్రపంచంలోని కార్లన్నీ దాదాపు దాని మీదే ఆగాయి.

ఆ నార పొడి ఏం చేస్తుందో మాత్రం అంతకుముందే తెలియడం మొదలైంది. రోచ్‌డేల్‌లోని టర్నర్ సోదరుల ఆస్‌బెస్టాస్ మిల్లులో పనిచేసిన నెల్లీ కెర్షా 1924లో 33 ఏళ్ళకే ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయింది. కంపెనీ పరిహారం ఇవ్వలేదు. డాక్టర్ కుక్ ఆమె ఊపిరితిత్తుల్లో ఆ ఖనిజపు ముక్కల్ని చూసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1930లో మెర్‌వెదర్, ప్రైస్ అనే ఇద్దరు అధికారులు ఈ మిల్లుల్లో 363 మంది కార్మికుల్ని పరీక్షించి, 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. మరుసటి ఏడే నిబంధనలొచ్చాయి. అవి ఫ్యాక్టరీలో నార వడికే చోటికి, నేసే చోటికి. లైనింగు బండికి ఎక్కి, అరిగి, పొడై, ఏ గ్యారేజీలోనో డ్రమ్ము తెరిచినప్పుడు లేచేదానికి కాదు. ఇంకో మాట. నెల్లీ పనిచేసిన సంస్థ, ఫ్రూడ్ పెట్టిన ఫెరోడో, రెండూ 1920వ దశకంలోనే ఒకే గొడుగు కిందికి చేరాయి.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు కథ అనుకోకండి. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో మేలురకం క్రిసోటైల్ రాతినార తవ్వారు. కేంద్ర ప్రభుత్వం 1986లో కొత్త లీజులివ్వడం, 1993లో పాతవి పొడిగించడం ఆపేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. 40 ఏళ్ళు ఎందుకు? ఈ జబ్బులు పొడి పీల్చిన రోజున కనిపించవు, దశాబ్దాల తర్వాత బయటపడతాయి. బ్రిటన్ 1999లో క్రిసోటైల్‌ని నిషేధించింది. అమెరికా 2024లో మాత్రమే, బ్రేకు లైనింగులతో సహా, నిషేధం ప్రకటించింది. మన దేశం తవ్వకం ఆపింది గాని దిగుమతినీ, వాడకాన్నీ నిషేధించలేదు. అందుకే ప్యాడ్ల పెట్టె మీద 'ఆస్‌బెస్టాస్ లేదు' అన్న ముద్ర ఉందో లేదో ఇప్పటికీ చూసుకోవాలి.

హేతువాదిగా ఇక్కడ నాకు అనుకూలం కాని సంగతి కూడా చెప్పాలి. బ్రేకు వేడికి క్రిసోటైల్ చాలావరకు వేరే ఖనిజంగా మారిపోతుంది. గ్యారేజీ మెకానిక్కుల మీద జరిగిన అధ్యయనాలు చాలావాటిలో మెసోథీలియోమా అనే కాన్సరు స్పష్టంగా పెరిగినట్టు తేలలేదు. ఆ అధ్యయనాల్లో కొన్ని, కోర్టు కేసులు ఎదుర్కొంటున్న కార్ల కంపెనీల డబ్బుతో జరిగాయన్నదీ నిజమే. నార వడికినవాళ్ళ విషయంలో రుజువు తిరుగులేనిది, మెకానిక్కుల విషయంలో అంత బలంగా లేదు. మనకి నచ్చిన వైపు ఉందని రుజువుని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పకూడదు. చెబితే నిమ్మకాయ తొక్కించేవాళ్ళకీ మనకీ తేడా ఉండదు.

ఆస్‌బెస్టాస్ పోయాక దాని జాగాలోకి మూడు రకాలొచ్చాయి. ఉక్కు పీచు కలిపిన సెమీ-మెటాలిక్ ప్యాడ్లు వేడికి బాగా ఓర్చుకుంటాయి, డిస్కుని ఎక్కువ అరగదీస్తాయి, నల్లపొడి ఎక్కువ. ఆర్గానిక్ రకం మెత్తన, చప్పుడు తక్కువ, త్వరగా అరుగుతుంది. 1980లలో వచ్చిన సిరామిక్ రకం ఖరీదెక్కువ, చక్రం శుభ్రంగా ఉంటుంది. ఎందుకు శుభ్రంగా ఉంటుంది? డిస్కుని తక్కువ అరగదీయడం ఒక కారణం. నల్లపొడిలో పెద్ద భాగం ప్యాడుది కాదు, పోత ఇనుప డిస్కుది. రెండో కారణం, దాని పొడి లేతరంగులో ఉండి చక్రానికి అంతగా అంటుకోదు. రెండో కారణంలో ఉన్న మోసం గమనించారా? పొడి రాకపోవడం వేరు, వచ్చి కనపడకుండా గాలిలో కలవడం వేరు.

ఆస్‌బెస్టాస్ బదులు చాలా ప్యాడ్లలో రాగి కలిపారు. అది వాననీటితో కొట్టుకుపోయి ఏళ్ళలో చేరితే సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తి దెబ్బతింటోందని తేలింది. 2010లో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు ప్యాడ్లలో రాగిని అంచెలంచెలుగా తగ్గించాలని చట్టాలు చేశాయి. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో-7 నిబంధనల్లో మొదటిసారిగా బ్రేకు పొడికి కొలత పెట్టింది: పెట్రోలు, డీజిలు కార్లకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, పూర్తి విద్యుత్ కార్లకి 3. అదీ చక్రం మీద పడేది కాదు, గాలిలో తేలే సన్నకణాల లెక్క. బెర్తా బెంజ్ తోలు కొట్టించిన 136 ఏళ్ళకి గాని ఆ పొడికి ఒక పరిమితి పెట్టాలని చట్టానికి తోచలేదు.

చివరికి నేను పేరున్న కంపెనీ సిరామిక్ ప్యాడ్లే వేయించాను. రెండు వారాల గుడ్డ పరీక్ష మళ్ళీ చేశాను. ముందు చక్రాల గుడ్డలు లేత బూడిదరంగులో వచ్చాయి. నా చక్రం శుభ్రమైంది. రాయ్‌పూర్ గాలి శుభ్రమైందా అంటే, ఆ మాట చెప్పడానికి తెల్లగుడ్డ చాలదు.

ప్యాడ్లు మార్చిన రోజు వెనక డ్రమ్ములు కూడా తెరిపించాను. మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్న పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లాడు గాలిగొట్టం తీసుకుని డ్రమ్ములోకి పట్టాడు. బూడిదరంగు మేఘం లేచింది. పిల్లాడు కళ్ళు మూసుకున్నాడు, ముక్కు మూసుకోలేదు. నేను రెండు వారాలు చక్రాల రంగు గురించి బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆ పొడి అసలు చిరునామా నా ఎదురుగానే ఉంది.

"గొట్టం ఆపించు తమ్ముడూ, తడిగుడ్డతో తుడిపించు" అన్నాను. "ఆలస్యం అవుద్ది సార్" అన్నాడు మెకానిక్. ఆ పొడిలో ఏముందో నీకు తెలుసా అని అడిగాను. తెలీదన్నాడు. నాకూ తెలీదు. పాత లైనింగు ఎవరిదో, దేనితో చేశారో చెప్పే పెట్టె ఎప్పుడో పోయింది. తెలియనప్పుడు నీళ్ళు చల్లడానికి ఖర్చేముంది? ఆలోచించి బకెట్టు తెప్పించాడు.

మీరు ఈసారి బండి గ్యారేజీకి ఇచ్చినప్పుడు ఏ ప్యాడు వేస్తారని అడగండి, తప్పులేదు. డ్రమ్ము ఎలా తుడుస్తారో కూడా అడగండి.